ఒక్క టేకులో ఓకే

హార్డ్ డిస్కుని పాత తువ్వాల్లో చుట్టి తెచ్చాడు దర్శకుడు. దాన్ని బల్ల మీద పెట్టి, "ఇది నా ప్రాణం. జాగ్రత్త" అన్నాడు.

"ప్రాణాన్ని గడ్డాలు తుడిచిన తువ్వాల్లో చుట్టి తెస్తారట్రా ఎవరైనా?" అందామె.

నిజంగానే ఆ తువ్వాలు సబ్బు నురగ వాసన, పౌడరు వాసన వేస్తోంది. దర్శకుడి నాన్నకి రోడ్డు మలుపులో సెలూన్ ఉంది. సినిమా అంతా ఆ సెలూన్లోనే తీశారు, నటించిందీ ఆయనే. సినిమా కాలేజీలో ఆఖరి సంవత్సరం పిల్లలు తలా ఒక ఇరవై నిమిషాల సినిమా తీసి ఇవ్వాలి. దర్శకత్వం అతనిది, ఎడిటింగ్ ఆమెది. క్లాసులో అందరూ ఆమెను కత్తెర అని పిలుస్తారు. షూటింగ్ మొదటి రోజున ఆ పేరు విని ఆ నాన్న, ఆమెకి సెలూన్ బాబాయ్, పగలబడి నవ్వాడు. "అయితే మనిద్దరిదీ ఒకటే పని తల్లీ. ఎక్కువున్నది కోసెయ్యడం, మిగిలినదాన్ని అందంగా చూపించడం. తేడా ఏమిటంటే, నేను తప్పు కోస్తే నెల్లాళ్లకి మళ్లీ మొలుస్తుంది" అన్నాడు. ఆ రోజు నుంచీ ఆయనకు ఆమె కత్తెరమ్మే.

ఎడిటింగ్ గదుల్లో మూడోది వాళ్లకిచ్చారు. కిటికీలోంచి సైకిళ్ల షెడ్డు తప్ప ఇంకేమీ కనపడదు. ఆమె చెప్పులు గుమ్మం బయట వదిలి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. ముందు డిస్కులో ఉన్నదంతా ఎడిటింగ్ మెషిన్లోకి ఎక్కించాలి. ఊరికే లాగి పడెయ్యడం ఆమెకు గిట్టదు. ప్రతి ఫైలూ రెండు చోట్లా పొల్లు పోకుండా ఒకేలా ఉందో లేదో చూసే ప్రోగ్రాం ఒకటుంది, దాన్ని నడిపింది. ఆరు రోజుల షూటింగుకి ఆరు ఫోల్డర్లు, ఒక్కోదాంట్లో బొమ్మకొకటి, శబ్దానికొకటి. పచ్చ గీత కుడివైపు పాకుతోంది. మూడు గంటల నలభై నిమిషాలు పడుతుందని చూపించింది.

"నువ్వు పో. నువ్వు ఇలా వెనక నిలబడి ఊపిరి తీస్తుంటే నాకు చెయ్యాడదు" అందామె. అతను వెళ్లలేదు. గీత సగం దాటేదాకా గోడకి ఆనుకుని నిలబడి, అప్పుడు వెళ్లాడు.

సాయంత్రానికి ఫైళ్లన్నీ ఎక్కాయి. వాటికి పేర్లు పెడుతుంటే ఆమెకి చిరాకు మొదలైంది. మొదటి మూడు రోజులూ పద్ధతిగా ఉన్నాయి. ఒక్కో షాటుకి తొమ్మిది టేకులు, పదకొండు టేకులు, ఒకదానికైతే పద్నాలుగు. దగ్గర్నించి ఒకసారి, దూరం నుంచి ఒకసారి. నాలుగో రోజు నుంచి అంతా తలకిందులు. ప్రతి షాటూ ఒక్క టేకే. రెండో కోణం లేదు. స్క్రిప్టులో నిలబడి మాట్లాడాల్సిన చోటల్లా బాబాయ్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. శబ్దం ఫోల్డర్లో మాత్రం నలభై ఆరు ఫైళ్లు అదనంగా ఉన్నాయి. వాటికి బొమ్మ లేదు. ఒకటి తెరిచింది. బాబాయ్ గొంతు. "ఏరా, లేచావా?" అంతే. ఇంకొకటి. "స్టవ్వు కట్టేశావా?" ఇంకొక దాంట్లో ఒకటి నుంచి వంద దాకా లెక్కపెట్టాడు. మరొక దాంట్లో ఊరికే నవ్వాడు.

దర్శకుడికి ఫోన్ చేసింది. "నాలుగో రోజు నుంచి నీకేమైందిరా? బద్ధకమా? కోసి అతికించడానికి రెండో ముక్క లేదు. ఈ నలభై ఆరు ఏమిటి, స్క్రిప్టులో ఒక్కటీ లేదు?"

"వాటిని ముట్టుకోకు కత్తెరా. విడిగా పెట్టు" అన్నాడు అతను, పొడిగా.

"షాట్ల మాటేమిటి?"

"ఉన్నదాంతో చూడు."

ఫోను పెట్టేశాడు. మూడేళ్లుగా ఒకే బెంచీ మీద కూర్చున్న మనిషి, ఎప్పుడూ అలా మాట్లాడలేదు. ఆమె మనసు చివుక్కుమంది.

మర్నాడు బొమ్మనీ శబ్దాన్నీ కలిపే పని. కెమెరా ఒక చోట, శబ్దం వేరే మెషిన్లో రికార్డవుతాయి కాబట్టి, క్లాప్ బోర్డు మూసుకున్న క్షణాన్ని బొమ్మలో వెతికి, "టక్" అన్న చప్పుడుని సరిగ్గా అక్కడికి జరపాలి. వేళ్లకి అలవాటైన పని. మూడో రోజు ఫోల్డర్లో ఒక శబ్దం ఫైలు నలభై రెండు నిమిషాలుంది. మిగతావన్నీ రెండు మూడు నిమిషాలవి. ఎవరో ఆపడం మర్చిపోయారు. టేకు ఎక్కడ అయిపోయిందో చూసి అక్కడ తెంపేద్దామని హెడ్‌ఫోన్లు పెట్టుకుని ముందుకు జరుపుతూ పోయింది.

"కట్" వినిపించింది. కుర్చీలు జరిపిన చప్పుడు. ఎవరో టీ అన్నారు. బాబాయ్ చొక్కాకి పెట్టిన చిన్న మైకు అలాగే ఉండిపోయినట్టుంది. బట్ట రాపిడి వినిపిస్తోంది. తలుపు చప్పుడు. వెనక గదిలోకి వెళ్లినట్టున్నాడు. ఫోన్లో నంబరు నొక్కాడు.

"అక్కా, నేనే... ఆఁ, నిన్న చెప్పారు. అదేనంట... లేదక్కా, మందులతో పోయేది కాదంట. గొంతులో మాట పలికించే ఆ పెట్టె మొత్తం తీసేస్తారంట... ప్రాణానికేం కాదులే, మాటే ఉండదంట. ఏడవకు. ఇన్నేళ్లూ నన్ను నోరు మూసుకోమన్నది నువ్వేగా, ఇప్పుడు డాక్టరే మూయిస్తానంటున్నాడు."

నవ్వాడు. ఆ నవ్వు మధ్యలో దగ్గు అడ్డొచ్చింది.

"వెంటనే చేరమన్నాడు. మూడు వారాలు ఆగమన్నాను. ఎందుకంటే ఏం చెప్పను? పిల్లాడి సినిమాకి నా మాట కావాలక్కా. సగం తీశాడు... వద్దు. వాడికి చెప్పావంటే నా మీద ఒట్టే. ఇంట్లో ఉన్నది మేమిద్దరం. వాడు మొహం వేలాడేసుకుంటే నేను చూడలేను. అంతా అయ్యాక నేనే చెప్తాను."

ఆమె హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఒళ్లో నుంచి కూడా ఆయన గొంతు సన్నగా వినిపిస్తూనే ఉంది. మెషిన్ ఆపాలన్న ఆలోచన కాసేపటిదాకా రాలేదు.

ఆ సాయంత్రం ఆమె సెలూన్‌కి వెళ్లింది. తువ్వాలు తిరిగి ఇవ్వడానికొచ్చానని చెప్పాలనుకుంది. బాబాయ్ ఒకాయనకి మెడ మీద వెంట్రుకలు దిద్దుతున్నాడు. అద్దంలో ఆమెని చూసి కనుబొమ్మలెగరేశాడు. మాట్లాడలేదు. ఎప్పుడూ కబుర్లతో మోగిపోయే కొట్టు అది. కుర్చీలో కూర్చున్నవాడి పెళ్లి సంగతుల దగ్గర్నుంచి పక్కింటి పిల్లి సంగతుల దాకా అన్నీ అక్కడే తేలతాయి. ఇప్పుడు కత్తెర చప్పుడు తప్ప ఏమీ లేదు. అయిపోయాక మెడ మీద పౌడరు అద్ది, కుంచెతో దులిపి, గుడ్డ విప్పి గుమ్మం బయట విదిలించాడు.

"జలుబు" అన్నాడు ఆమెతో, గొంతు పట్టుకుని. ఆ ఒక్క మాటా ఎండుటాకు మీద కాలేసినట్టు వచ్చింది.

"బాబాయ్, మైకు ఆపలేదు" అందామె. దారంతా ఎలా మొదలుపెట్టాలా అని అనుకుంటూ వచ్చినవేవీ నోటికి రాలేదు. "మూడో రోజు. మీరు ఫోన్లో మీ అక్కగారితో మాట్లాడిందంతా ఎక్కింది."

ఆయన మంగలికత్తిని గుడ్డతో తుడుస్తున్నాడు. ఒకవైపు తుడిచాడు, తిప్పి రెండోవైపు తుడిచాడు, మళ్లీ మొదటివైపు తుడిచాడు.

"వాడు విన్నాడా?"

"లేదు. నేనే. ఈ రోజు."

"అయితే కోసెయ్యి తల్లీ." కత్తి మడిచాడు. "నీ పనేగా అది."

"బాబాయ్, ఎందుకు ఆగారు? సినిమాదేముంది, కాలేజీ సినిమా! మార్కులకి తీసేది! మీరు..."

"నీకది మార్కులకి." ఆయన స్టూలు లాగి ఆమెకి వేసి, తను గిరాకీలు కూర్చునే కుర్చీలో కూర్చున్నాడు. మాటకీ మాటకీ మధ్య ఆగుతున్నాడు. "మొన్న మళ్లీ గొంతులో గొట్టం వేసి చూశారు. అప్పట్నుంచి మరీ ఇలా అయింది. సోమవారం చేరతాను. శుక్రవారం ఏదో ఒక మాట మళ్లీ చెప్పాలన్నాడు మావాడు, అది అయిపోతే ఆదివారం వాడికి చెప్తాను. అన్నీ అనుకున్నాను. నువ్వు పాడు చెయ్యకు." కాస్త ఆగి, మొహం వెలిగించుకుని అన్నాడు: "కత్తెరమ్మా, చూశావుగా అంతా? మొదట్లో మావాడు నన్ను చంపుకు తిన్నాడు. పద్నాలుగు సార్లు ఒకే మాట! నాలుగో రోజు నుంచి చూడు. ఒక్క టేకులో ఓకే. అన్నీ ఒక్క టేకులోనే! నాకు పట్టుబడిందమ్మా ఆ పని. కెమెరా ముందు ఎలా ఉండాలో తెలిసిపోయింది. ఈ వయసులో!"

ఆమె తలూపింది. తువ్వాలు ఇచ్చి వచ్చేసింది.

మర్నాడు ఉదయం దర్శకుడు కాగితాలు పట్టుకుని ఎడిటింగ్ గదికి వచ్చాడు. మొదటి రోజు తీసిన గుమ్మం సీన్లో తొమ్మిదో టేకు బాగుంది గానీ, మాట మీదుగా నీళ్ల ట్యాంకరు హారన్ కొట్టుకుంటూ పోయింది. ఆ మాట ఒక్కటీ మళ్లీ రికార్డు చెయ్యాలి. శుక్రవారం పదకొండింటికి రికార్డింగ్ గది దొరికింది, నాన్నకి చెప్పాను అన్నాడు.

"ఆయన్ని పిలవకు" అందామె.

"ఎందుకు?"

"ఆ షాటు లేకుండా నేను చూసుకుంటాను. పిలవకు."

అతను ఆమె తెర వైపు చూశాడు. నలభై రెండు నిమిషాల ఫైలు ఇంకా తెరిచే ఉంది. తెంపడానికి ఆమెకి చెయ్యి రాలేదు. అతని చేతిలో కాగితాలు మెల్లగా బల్ల మీదకి దిగాయి.

"విన్నావా?" అన్నాడు.

ఆమెకి అర్థం కావడానికి క్షణం పట్టింది. "నీకు తెలుసా?"

"ఆ రోజు సౌండ్ చేసేవాడికి జ్వరం. హెడ్‌ఫోన్లు నా చెవుల్లోనే ఉన్నాయి. టీ తాగుతున్నాను. కప్పు చేతిలో ఉంది."

"తెలిసి కూడా షూటింగ్ చేశావా?" ఆమె లేచి నిలబడింది. "ఇంకా మూడు రోజులు? లైట్ల కింద కూర్చోబెట్టి? ఆ మర్నాడే ఆస్పత్రిలో చేర్చాల్సినవాడివి! మనిషివేనా నువ్వు?"

"డాక్టరు దగ్గరికెళ్లాను. ఆ సాయంత్రమే. అల్మారాలో ఫైలు దొరికింది, దాంట్లో పేరు చూసుకుని వెళ్లాను. ఆయన అడిగిన మూడు వారాలకి తేడా ఏమైనా వస్తుందా అని అడిగాను. పెద్దగా రాదన్నాడు." అతను గొంతు సవరించుకున్నాడు. "అంటూ కాగితాల్లోకే చూశాడు కత్తెరా. నా మొహంలోకి చూడలేదు. రోజుకి వందసార్లు అదే గుర్తొస్తోంది."

"అయితే ఎందుకు చేశావు?"

"ఆపితే ఎందుకాపావని అడుగుతాడు. తెలిసిందని చెప్తే, నా కోసమని ఆగినవాడు నా కోసమే ఏడుపు దాచుకుని తిరుగుతాడు. నాకేం తోచలేదు. కుర్చీ వేయించాను. ఒక్క టేకుతో సరిపెట్టాను, అలసిపోకూడదని. మిగిలిన టైములో..." బల్ల చివర వేలితో గీత గీస్తున్నాడు. "సినిమా వెనకాల వినపడటానికి కావాలి నాన్నా అని చెప్పి, రోజూ ఇంట్లో అనేవన్నీ అనిపించాను. నలభై ఆరు. ఇంకా ఏమేం అంటాడో గుర్తు రాలేదు. ఇప్పుడు రోజూ ఒకటి గుర్తొస్తోంది."

ఆమె మళ్లీ కూర్చుంది. నిన్నటిదాకా ఆ ఫైళ్లని చెత్త అనుకుంది. ఒక దాని మీద 'పనికిరాదు' అని కూడా రాసింది. అతనికి కనపడకుండా మౌస్ జరిపి, ఆ మాట చెరిపేసింది.

శుక్రవారం బాబాయ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. తల నున్నగా దువ్వుకున్నాడు. రికార్డింగ్ గది అద్దానికి అవతల ఒక స్టూలు, మైకు, ఎదురుగా చిన్న తెర. ఇవతల దర్శకుడు, మెషిన్ ముందు ఆమె. పాత మాట చెవుల్లో వినిపిస్తుంది, తెర మీద తన పెదాలు చూస్తూ అదే మాట మళ్లీ అనాలి.

మాట చిన్నదే. "మబ్బు పట్టింది, గొడుగు తీసుకెళ్లు. తడిస్తే నీకు తల తుడిచేదెవడు?"

మొదటిసారి అన్నాడు. తెర మీద మనిషి నిండుగా, కాస్త వెటకారంగా పెదాలు కదుపుతున్నాడు. వినిపించింది మాత్రం గరగర. దర్శకుడు మైకు నొక్కి "ఓకే నాన్నా, చాలు" అన్నాడు.

"అప్పుడేనా? మళ్లీ చెప్తాను. గొంతు ఇంకా తెరుచుకోలేదు."

అయిదుసార్లు చెప్పాడు. ప్రతిసారీ "ఓకే, బాగుంది" అన్నాడు దర్శకుడు. "బాగా వచ్చింది బాబాయ్" అందామె కూడా.

అయిదోసారి అయ్యాక బాబాయ్ హెడ్‌ఫోన్లు తీసి చేతిలో పట్టుకుని వాటి వంక చూశాడు. "దీంట్లో వీడెవడో మంచి గొంతున్నోడమ్మా. నాకు వినపడుతోందిగా. ఎక్కడ బాగుంది?" అన్నాడు. తర్వాత అద్దంలోంచి కొడుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. "ఎప్పుడు తెలిసిందిరా నీకు?"

దర్శకుడు మైకు బటన్ మీద వేలు పెట్టాడు, నొక్కలేకపోయాడు. లేచి, బరువైన తలుపు తోసుకుని అవతలి గదిలోకి వెళ్లాడు. అక్కడి మైకు తెరిచే ఉంది కాబట్టి ఆమెకి అంతా వినిపించింది.

"మూడో రోజు."

"మూడో రోజు" అన్నాడు బాబాయ్. వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంటున్నట్టు బొటనవేలు కదిలింది. ఆయన ఏడుస్తాడనుకుంది ఆమె. కోప్పడతాడనుకుంది. ఆయన మొహంలో కనిపించింది ఆ రెండూ కాదు. బడిలో పిల్లాడికి బహుమతి ఇచ్చి, అది పొరపాటున ఇచ్చామని వెనక్కి తీసుకున్నట్టు ఉంది.

"అయితే నాలుగో రోజు నుంచి... ఒక్క టేకులో ఓకే అన్నవన్నీ..."

"నాన్నా, నువ్వు అలిసిపోతావని..."

"బాగా చేస్తున్నాననుకున్నానురా నేను."

దర్శకుడు తల వంచుకున్నాడు.

"నలుగురికి చెప్పాను. గడ్డానికొచ్చిన ప్రతివాడికీ చెప్పాను, మావాడు మొదట్లో పద్నాలుగు సార్లు చేయించేవాడు, ఇప్పుడు ఒక్కసారికే ఓకే అంటున్నాడని." బాబాయ్ అద్దం వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు కత్తెరమ్మా. కోసేదానివి నువ్వు. వాడు చెప్పడు. నాలుగో రోజు నుంచి నేను బాగా చేశానా?"

అవునని చెప్పడం ఎంత తేలిక! ఇప్పటిదాకా చెప్తున్న అబద్ధమేగా. బటన్ నొక్కింది.

"లేదు బాబాయ్."

ఆమె బటన్ మీద నుంచి వేలు తియ్యలేదు.

"నాలుగో రోజు నుంచి మీరు చదివి అప్పజెప్పినట్టుంది. మూడో రోజు పదకొండో టేకు ఉంది, అద్దం తుడుస్తూ మాట్లాడేది. ఇన్నేళ్లలో మా కాలేజీలో ఎవరూ అలా చెయ్యలేదు. పదో టేకు దాకా అదీ బాగాలేదు. మీవాడు వదల్లేదు, మీరు చేశారు."

బాబాయ్ భుజాలు వదులయ్యాయి. "హమ్మయ్య. ఒక్కరైనా నిజం చెప్పారు" అన్నాడు. హెడ్‌ఫోన్లు మళ్లీ తలకి తగిలించుకుని, స్టూలు మైకుకి దగ్గరగా జరుపుకున్నాడు. "పోరా, నీ కుర్చీలోకి పో. ఇదొక్కటైనా సరిగ్గా చేయించు. జాలిపడి ఓకే అన్నావంటే లేచిపోతాను."

దర్శకుడు ఇవతలికి వచ్చి కూర్చున్నాడు. మోచేత్తో కళ్లు తుడుచుకుని బటన్ నొక్కాడు.

ఆరో టేకు. "బాగాలేదు నాన్నా. ఇంకొకటి."

ఏడు. "గొడుగు అన్నప్పుడు లాగుతున్నావు. ఊరికే అను."

తొమ్మిది. "నవ్వకు. కోపంగా అనాలి, కానీ కోపం లేదు నీకు."

"ఆ రెండూ ఒకేసారి ఎలారా?"

"రోజూ అంటావుగా నాతో."

పదో దాని తర్వాత నీళ్లు తాగాడు. మింగేటప్పుడు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. దర్శకుడు బల్ల అంచుని గట్టిగా పట్టుకున్నాడు, గొంతులో మాత్రం తెలియనివ్వడం లేదు. "ఇంకొకటి నాన్నా." పదమూడు. "తొందరపడ్డావు. ఇంకొకటి." ఆమె ఒక్కో టేకుకీ నంబరు కొడుతోంది. అంకెలు మసకబారుతున్నాయి, రెప్పలార్పి మళ్లీ కొడుతోంది. గొంతు బాగుపడడం లేదు. అరిగిపోతోంది. పదిహేనోసారికి సగం గాలే. పదహారోసారి 'తడిస్తే' దగ్గర తెగిపోయింది.

పదిహేడోసారి బాబాయ్ తెర వైపు చూడలేదు. హెడ్‌ఫోన్లు ఒక చెవి మీద నుంచి పక్కకి జరిపి, అద్దంలోంచి కొడుకుని చూస్తూ, ఇంట్లో గుమ్మం దగ్గర అన్నట్టే అన్నాడు. "మబ్బు పట్టింది, గొడుగు తీసుకెళ్లు. తడిస్తే నీకు తల తుడిచేదెవడు?"

పెదాలతో కలవలేదు. గొంతూ కలవలేదు. దర్శకుడు చాలాసేపు బటన్ మీద వేలుంచి కూర్చున్నాడు.

"ఓకే నాన్నా."

"నిజంగానా?"

"నిజంగా."

బాబాయ్ ఆమె వైపు చూశాడు. ఆమె తలూపింది. ఆ ఊపులో అబద్ధం లేదు.

సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకి ఎడిటింగ్ గది తలుపు తీసింది. శుక్రవారం ఫైళ్లు ఎక్కించి, రెండు చోట్లా సరిపోయాయో లేదో చూసుకుంది. పదిహేడూ సరిపోయాయి. తొమ్మిదో టేకులో పెదాలు కనిపిస్తాయి కాబట్టి ఈ గొంతు దాని మీద నిలవదు. వెతగ్గా వెతగ్గా అదే సీన్లో రెండో టేకు దొరికింది. కెమెరా పొరపాటున పక్కకి జరగడంతో, అందులో బాబాయ్ వీపు మాత్రమే కనిపిస్తోంది. మెడ మీద నెరిసిన వెంట్రుకలు, చొక్కా కాలరు.

తొమ్మిదీ నలభైకి ఫోను మోగింది.

"లోపలికి తీసుకెళ్లారు" అన్నాడు దర్శకుడు. వెనకాల చక్రాల చప్పుడు, ఎవరో ఎవరినో పిలుస్తున్న కేకలు.

"ఏమన్నారు, వెళ్లేముందు?"

"కత్తెరమ్మ పదిహేడోది పెట్టిందా అని అడిగాడు. నాకు తెలీదన్నాను. ఈలోగా బండి తోసేశారు."

"పెట్టానని చెప్పు."

"ఇప్పుడెలా చెప్తాను? తలుపులు వేసేశారు."

"బయటికొచ్చాక చెప్పు. వినపడుతుందిగా ఆయనకి."

అవతలి నుంచి ఊపిరి మాత్రం వినిపించింది. చివరికి ఎవరో అతన్ని సంతకానికి పిలిస్తే ఫోను ఆగిపోయింది.

ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుని, పదిహేడో టేకు తీసుకొచ్చి ఆ వీపు కింద పెట్టింది.